పెరిగిన చెట్టును తావు మార్చుట

ఇల్లు పెంచుకొనదలచిన గృహస్థునకు పెరటిలోని పొగడచెట్టు ఒక్కొక్కప్పుడు అడ్డు వచ్చును. పది పన్నెండేండ్లుగా నీడను, పూలను ఇచ్చిన చెట్టుపై గొడ్డలి వేయుటకు చేయి రాదు. పెకలించి వేరొకచోట నాటినచో బ్రతుకునా యని సందేహము. బ్రతుకవచ్చును. అయితే ఆ బ్రతుకు నాటిననాటి శ్రమపై గాక, అంతకు ముందటి నాలుగైదు మాసముల సన్నాహముపై ఎక్కువగా ఆధారపడి యుండునని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

చెట్టును నిలబెట్టునవి లావు వేళ్లు. నీటిని పీల్చి యిచ్చునవి సన్నని పిల్లవేళ్లు. ఈ పిల్లవేళ్లు చాలవరకు మాను మొదట లోతున గాక, కొమ్మల నీడను దాటి, నేల పైపొరలలో దూరముగా ప్రాకి యుండును. చెట్టును త్రవ్వి యెత్తినప్పుడు వీనిలో అధికభాగము పాతచోటనే తెగి మిగిలిపోవును. ఆకులు మాత్రము యథాప్రకారము నీటిని ఆవిరిగా విడుచుచుండును. రాబడి పడిపోయినను వ్యయము తగ్గని సంసారమువలె అగును ఆ చెట్టు స్థితి.

కావున మానుకు దగ్గరగా క్రొత్త పిల్లవేళ్లను ముందే పుట్టించుకొనవలెను. సంక్రాంతి వెళ్లిన పిదప మాను అడ్డుకొలత తీయుడు. అది 10 సెంటీమీటర్లైనచో, దానికి పదింతలు, అనగా 1 మీటరు వెడల్పుగల వలయమును మాను చుట్టు గీయుడు. ఆ గీతవెంట జానెడు వెడల్పున, 50 సెంటీమీటర్ల లోతున కాలువ తీయవలెను. ఒకేసారి చుట్టంతయు తీయక, సగము ఇప్పుడు, తక్కిన సగము నెలన్నర తరువాత తీయుట మేలు. అడ్డు వచ్చిన వేళ్లను గునపముతో చితుకగొట్టక పదునైన కత్తితో కోయవలెను. పిదప మాగిన పశువుల యెరువు కలిపిన మట్టితో కాలువను పూడ్చి, తడి ఆరకుండ చూచుచుండవలెను. కోసిన కొనలనుండి క్రొత్తవేళ్లు ఈ మట్టిలోనికి వచ్చును.

మృగశిర, ఆరుద్ర కార్తెలలో వానలు పడి, ఆకాశము మబ్బుపట్టినప్పుడు చెట్టును కదల్పవలెను. క్రొత్త గుంతను ముందే సిద్ధపరుపుడు. మట్టిగడ్డకు రెండింతల వెడల్పుండవలెను గాని, దానికంటె లోతు ఉండరాదు. పూడ్చిన కాలువకు వెలుపల త్రవ్వి, మట్టిగడ్డను గోనెపట్టాతో బిగించి కట్టుడు. ఆ గడ్డ బరువు ఆరేడువందల కిలోలకు తక్కువ యుండదు. కూలీలైనను, క్రేనైనను ముందే మాట్లాడుకొనవలెను. మానుకు త్రాడు కట్టి యెత్తినచో బెరడు ఊడును. గడ్డ క్రిందనుండియే ఎత్తవలెను. లోతుగా నాటిన బలమని కొందరందురు. అది పొరపాటు. మొదలు మునుపు ఎంతవరకు మట్టిలో నున్నదో అంతవరకే యుండవలెను; లేనిచో బెరడు క్రుళ్లును. ఎండిన కొమ్మలను తీసివేయవచ్చును గాని, పచ్చని కొమ్మలను విచ్చలవిడిగా నరుకరాదు. క్రొత్తవేళ్లకు ఆహారము ఆకులనుండియే రావలెను.

అన్ని చెట్ల స్వభావము నొకటి కాదు. ఆకు రాల్చు దేవగన్నేరును, క్రొత్త చిగురు రాకముందు తీసి నాటినచో సులభముగా నాటుకొనును. సంపెంగ వేళ్లు మెత్తనివి. పెరిగిన పిదప దానిని కదలించుట ప్రమాదము.

నాటిన సంవత్సరము ఆకు పచ్చగా నున్నదని నిశ్చింతగా నుండరాదు. నిలువయున్న ఆహారముతో కొన్నాళ్లు చిగిర్చి, తరువాతి వేసవిలో ఎండిపోయిన చెట్లు కలవు. రెండు వేసవులు దాటువరకు మట్టిగడ్డపైననే, వ్రేలు గ్రుచ్చి తడి చూచి, నీరు పోయవలెను. ఎండుటాకులు కప్పవచ్చును గాని, అవి మానుకు తగులరాదు.

మాను మరీ లావైనచో, లేక ఇన్ని నెలల గడువు లేనిచో, క్రొత్త మొక్క నాటుటయే తెలివి. వచ్చే వానకారులో పని మొదలుపెట్టదలచినవారు ఇంటి కొలతలతోపాటు చెట్టు కొలతను గూడ సంక్రాంతికే తీసికొందురుగాక.