కొండమీది కోట, క్రింది పల్లె

హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవు బాటలో సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించినచో, మైదానము నడుమ, సగము నేలలో పాతిన గ్రుడ్డువలె ఒక ఒంటిరాతి కొండ కనబడును. అది భువనగిరి. నగరమునకు ఆగ్నేయముగా దాదాపు 60 కిలోమీటర్ల దూరమున, చిట్టడవి కప్పిన గుట్టల వరుసలో మరియొక కోట కలదు. అది రాచకొండ. శీతకాలము వచ్చినంతనే ఈ రెండు తావులకును నగరవాసులు, అందును యువతీయువకులు, గుంపులుగా వచ్చి కొండ నెక్కుచున్నారు. వీపున సంచి, చేత నీటిసీసా, కాళ్లకు గట్టి జోళ్లు: ఇంతియే వారి సన్నాహము. ఈ నడకకు వారు ట్రెక్కింగు అని పేరు పెట్టినారు.

దీనిని గూర్చి కొండక్రింది పల్లెలలో రెండు విధములైన మాటలు మేము వింటిమి. "మేకలు కాచువారు దినదినము ఎక్కు గుట్టను వీరు డబ్బు ఖర్చుపెట్టి వచ్చి ఎక్కుటయేమి?" అని నవ్వువారు కొందరు. "వత్తురు, చెత్త వేసి పోవుదురు. మనకేమి లాభము?" అని విసుగుకొనువారు మరికొందరు. ఈ రెండవ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఆ వచ్చువారు దేనిని కోరి వచ్చుచున్నారో, అది ఎవరి చేతిలో నున్నదో పంచాయతీ సభ్యులు ఒకసారి ఆలోచింపవలసియున్నది. వారు చూడగోరునవి ముఖ్యముగా మూడు: పాత బాట, గోడ, నీరు. ఈ మూడును నగరములో లేవు. మీ గ్రామపు పొలిమేరలోనే ఉన్నవి. అవి నిలుచుటయు, కూలుటయు చాలవరకు మీ చేతిలోని పనియే.

భువనగిరికి పాతపేరు త్రిభువనగిరి. 1076 మొదలు 1126 వరకు కల్యాణి నేలిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యునకు త్రిభువనమల్లుడను బిరుదు కలదు. ఆ బిరుదమే కొండకును ఊరికిని పేరైనది. తరువాత కాకతీయులును, గోలకొండ సుల్తానులును ఈ కోటను ఏలిరి. అందుచేత పైకి పోవు దారిలో ఒకచోట పెద్దబండలు పేర్చిన గోడయు, మరియొకచోట సున్నముతో కట్టిన కమానులును కనబడును. గీతవృత్తివారి యింట పుట్టి, మొగలు అధికారుల నెదిరించి, 1708లో వరంగల్లుపై పడిన సర్వాయి పాపన్న, 1709లో ఈ భువనగిరిపై దాడి వెడలెను. 1710లో అతడు ప్రాణములు గోల్పోయెను. అతని కథను పల్లెలలో నేటికిని పాడుచున్నారు.

ఈ కొండ నేల నుండి సుమారు 500 అడుగుల ఎత్తున్నది. కోటకు పోవుటకు మెట్లున్నవి. నింపాదిగా నడచువారికి అది కష్టమైన ఎక్కుడు కాదు. అయితే ఇదే కొండ బోడిరాతిపై, నడుమునకు త్రాడు కట్టుకొని ఎక్కు విద్యను కూడ నేర్పుచు వచ్చినారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో వ్యవసాయకూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ ఈ బండమీదనే ఆ విద్యకు ఓనమాలు దిద్దినది. 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆమె ఎవరెస్టు శిఖరము నెక్కినది. బోడిబండ దేనికి పనికివచ్చునని అడుగువారికి ఈ ఒక్క సంగతి చెప్పిన చాలును.

నీటి సంగతి

కోటయనగానే మనకు ఫిరంగులు, బురుజులు తలపునకు వచ్చును. నిజమునకు కొండకోటను నిలిపినది నీరు. గోడ యెంత ఎత్తున్నను, పైన నీరు లేకున్నచో ముట్టడివేసిన శత్రువు బాణమైనను వేయనక్కరలేదు. క్రింద కూర్చుండిన చాలును. పదిదినములలో తలుపులు వాటియంతట అవే తెరచుకొనును.

మరి ఒంటిరాతి కొండమీదికి నీరెట్లు వచ్చెను? బావి త్రవ్వి తెచ్చినది కాదు. హైదరాబాదు ప్రాంతపు నల్లరాతి, ఎఱ్ఱరాతి గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గలవి. ఎండకును చలికిని ఈ రాయి ఉల్లిపాయ పొరలవలె పొరలుపొరలుగా విడివడును. పొర ఊడిన తావున పల్లము ఏర్పడును. ఆ పల్లములో వాననీరు నిలిచినది దొన. పూర్వులు ఈ దొనలనే ఉలితో లోతుచేసి, తక్కువ వైపున కట్ట కట్టి, బండమీద సన్నని కాలువలు తొలిచి, పడిన వానను వానిలోనికి మళ్లించిరి. పై దొనలో మట్టి దిగబడును. అది నిండి పొర్లిన తేటనీరు క్రింది దొనకు చేరును. నేటి ఇంజనీర్లు కట్టు నీటితొట్లలోను ఈ ఏర్పాటే ఉన్నది.

లెక్క వేసి చూతము. ఒక ఎకరము బండమీద ఒక సెంటీమీటరు వాన కురిసినచో సుమారు 40,000 లీటర్ల నీరగును. ఈ ప్రాంతమున ఏటికి 70 సెంటీమీటర్ల వానయని అనుకొందము. అందులో సగము ఆవిరియై, చెదరిపోయినను ఎకరమునకు 14 లక్షల లీటర్లు మిగులును. నూరుగురు బంటులు దినమునకు ఒక్కొక్కరు 5 లీటర్లు త్రాగిన యెడల సంవత్సరమునకు వలసినది రెండు లక్షల లీటర్ల లోపే. వంటకును, గుఱ్ఱములకును పోను ఇంకను మిగులును. నేల ఇంకించుకొను నీటిని రాయి ఇంకించుకొనదు. అందుచేతనే, సాగుకు పనికిరాని ఈ బండ కోటకు పనికివచ్చినది.

ఈ ఏర్పాటు పల్లెకు సంబంధించనిది కాదు. కోట దొనలు నిండి పొర్లిన నీరు వాగై దిగి, గుట్టక్రింది కుంటలను, చెరువులను చేరును. పై కాలువలో రాయి అడ్డుపడినను, దొన మట్టితో పూడినను ఆ నీరు దారి మార్చుకొని కొండచరియను కోసికొని పోవును. మీ చెరువులో పూడిక ఎక్కువగుచున్నచో ఒకసారి కొండమీదికి పోయి చూచుట మంచిది.

రాచకొండ

భువనగిరి పట్టణము ప్రక్కనున్నది. అక్కడ మెట్లును, రుసుము తీసికొను మనుష్యులును ఉన్నారు. రాచకొండ సంగతి వేరు. అది అడవి. చుట్టును ఉన్నవి చిన్నపల్లెలు, తండాలు.

1323లో కాకతీయ రాజ్యము కూలిన పిదప రేచర్ల పద్మనాయకులు బలపడి, అనపోతానాయకుని కాలమున రాచకొండను రాజధానిగా చేసికొనిరి. దేవరకొండలో వారి రెండవ శాఖ ఏలెను. రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్ర గ్రంథమును సంస్కృతమున రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఈ రాచకొండ ప్రభువే. 15వ శతాబ్దమున కోట బహమనీల వశమైనది. నాటకమునకు లక్షణములు వ్రాసిన రాజు తిరిగిన చోట నేడు సీతాఫలపు చెట్లును, ముళ్లపొదలును పెరిగియున్నవి. చూడబోయిన మాకు కొంతసేపు మాట తోచలేదు.

ఈ కోట గోడలలో సున్నము లేదు. మట్టియైనను లేదు. పెద్దబండలను ఒకదానిపై నొకటి, అంచు కంచు కలియునట్లు చెక్కి పేర్చినారు. ద్వారములందు నిలువుకంబములును, పై దూలములును ఒక్కొక్కటి ఒకే రాయి. ఇట్టి గోడకు బలము దాని బరువే. పైరాయి క్రిందిరాతిని అదిమిపట్టును. సందులలో దూర్చిన చిన్నరాళ్లు అదిమిన బరువును సమముగా పంచును. గొఱ్ఱెలదొడ్డికి గోడ వేయుటకో, ఇంటిముందు అరుగునకో ఎవరైన ఆ చిన్నరాళ్లను లాగికొనిపోయినచో గోడ వెంటనే పడిపోదు. అందుచేతనే తీసికొనిపోయినవానికి తాను చేసిన హాని తెలియదు. రెండు మూడు వానకాలములు గడచిన తరువాత ఒకనాటి రాత్రి పది గజముల గోడ ఒక్కసారిగా జారును.

మరియొక శత్రువు రావిమొక్క. పక్షులు వేసిన విత్తనము గోడ సందులో మొలచి, వేరు లావైన కొలది బండలను వేరుచేయును. అట్లని పెరిగిన చెట్టును పట్టి పెరికివేయరాదు. వేరుతో కూడ గోడయే ఊడివచ్చును. లేతమొక్కగా నున్నప్పుడే తీసివేయవలెను. ముదిరినచో కొమ్మలు కొట్టి, వేరు సంగతి పురావస్తుశాఖవారికి విడువవలెను.

నిక్షేపముల వెఱ్ఱి

ఇన్నిటికంటె ఎక్కువ నష్టము చేయునది గుప్తనిధుల ఆశ. ఒక పల్లెలో (పేరు చెప్పుట మర్యాద కాదు) నందివిగ్రహమును ప్రక్కకు దొర్లించి, దాని క్రింద నిలువెత్తు గొయ్యి త్రవ్వియుండుట మేము చూచితిమి. గోతిలో దొరికినది వాననీరు. నంది మెడ విరిగినది. నిక్కముగా ఆలోచించినచో, కోట విడిచి పారిపోవు రాజు ముందుగా మోసికొనిపోవునది ధనమే. మిగిల్చినది ఏమైన నున్నచో గెలిచినవాడు తీసికొనును. ఆ పిదప ఐదారు వందల సంవత్సరములు ఎందరు త్రవ్వియుందురో చెప్పనక్కరలేదు. నేడు మిగిలిన నిధి శాసనము చెక్కిన రాయి. అది నేలలో ఎక్కడ, ఏ ముఖముగా నిలిచియున్నదో తెలిసిననే చరిత్రకారునకు ఉపయోగము. కదలించినచో సగము విలువ పోవును.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా నున్నది. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము నేలలో దాగియున్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువు ఏది దొరికినను కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. దాచుట నేరము. తెలంగాణ రాష్ట్రమున పురాతన కట్టడముల రక్షణకు 2017లో ప్రత్యేక వారసత్వ చట్టము చేయబడినది. కేంద్రప్రభుత్వము జాతీయ ప్రాముఖ్యము గలవిగా ప్రకటించిన కట్టడముల చుట్టును 100 మీటర్ల వరకు కొత్త కట్టడములు నిషిద్ధములు. అటుపై 200 మీటర్ల వరకు అనుమతి కావలెను. మీ కోట ఏ జాబితాలో నున్నదో, ఏ జాబితాలోను లేదో ముందుగా జిల్లా కేంద్రమున విచారించుడు. జాబితాలో లేకున్నను పంచాయతీ చేతులు కట్టుకొని కూర్చుండనక్కరలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చివరిది సామాజిక ఆస్తుల సంరక్షణ. కోట దొనయు, కోట బాటయు సామాజిక ఆస్తులు కాక మరేమి?

పంచాయతీ చేయగల పనులు

ఖర్చుతో కూడిన పనులు మేము చెప్పబోవుట లేదు. సిమెంటు మెట్లు, రంగుల కమాను వలదు. పాత బాటమీద పెరిగిన ముండ్లు తీసి, బాట చీలిన చోట రాతిపై సున్నపు బాణపు గుర్తు వేసిన చాలును. దారి తప్పినవారే కొత్తదారులు తొక్కి గోడలెక్కుదురు. అడవి భూమియైనచో ముండ్లు తీయుటకు కూడ అటవీశాఖవారి అనుమతి పొందవలెను. దొనలో పూడిక తీయదలచినచో పురావస్తుశాఖవారితో చెప్పి, చేతి పారలతోనే తీయవలెను. పెద్దయంత్రమును కొండకెక్కింపరాదు. ఆ మట్టిలో కుండపెంకు, నాణెము, ఇనుపముక్క దొరకవచ్చును.

వచ్చువారికి చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. తెల్లవారకముందే బయలుదేరవలెను. పదిగంటలు దాటినంతనే బండ పెనమువలె కాగును. వానకాలమున నాచుపట్టిన రాతిపై కాలు నిలువదు. మనిషికి మూడు లీటర్ల నీరైన వెంట నుండవలెను. ఖాళీసీసా తిరిగి క్రిందికి రావలెను. దొనలో స్నానము చేయరాదు. కమానుల క్రింద కొండతేనెపట్లున్న చోట పొగ, కేక, సుగంధద్రవ్యము ఏదియు కూడదు. ఆ యీగలు లేచినచో పరుగెత్తుటకు కొండమీద చోటుండదు. ఎండుగడ్డిలో సిగరెట్టు పారవేయుట ఎంత ప్రమాదమో పశువులకాపరులు బాగుగ నెఱుగుదురు.

దారి చూపుటకు ఊరి యువకులను ఇద్దరు ముగ్గురిని పంచాయతీయే ఏర్పరచి, కూలి ఇంతయని నిర్ణయించి పలకమీద వ్రాయించినచో బేరములు, తగవులు ఉండవు. ఏ గుండు పేరేమి, ఏ దొనలో ఎండకాలమున కూడ నీరుండును, ఏ ద్వారమును పెద్దలు ఏమని పిలుచుదురు అను సంగతులు వారికి ఊరి వృద్ధులు చెప్పవలెను. పుస్తకములలో లేని సంగతులివి.

బాట మొదట ఒక పుస్తకము పెట్టి, ఎక్కువారి పేర్లు, ఫోను నంబర్లు, వేళ వ్రాసికొనవలెను. దిగినవారి పేరుకు గుర్తు పెట్టవలెను. దీని విలువ మాకు స్వయముగా తెలిసినది. ఒక కొండమీద గోడవెంట తిరుగుచు ప్రొద్దు మరచితిమి. దిగునప్పటికి చీకటిపడెను. బాట ఏదో, మేకలదారి ఏదో తెలియలేదు. క్రింద ఎక్కడనో ఒక దీపము ఊగుచు కనబడెను. దానిని బట్టి మెల్లగా దిగివచ్చితిమి. ఉదయము మా పేర్లు వ్రాసికొన్న కుఱ్ఱవాడు, రెండు పేర్లకు గుర్తు పడలేదని ఇంటికి పోక, టార్చి పట్టుకొని బాట మొదట నిలుచుండెను.