టెంటు కింద ఉపవాసం, రోడ్డు మీద వంట

ఊరేగింపుకూ బహిరంగ సభకూ లేని చిక్కు ఒకటి నిరసన శిబిరానికి ఉంటుంది. సభ కొన్ని గంటల్లో ముగుస్తుంది, ఊరేగింపు కలెక్టరు కార్యాలయం దాకా వెళ్లి వినతిపత్రం ఇచ్చి చెదిరిపోతుంది. శిబిరం మాత్రం రోజుల తరబడి ఒకే చోట నిలవాలి గనుక నీడ, తాగునీరు, కరెంటు, చేతిఖర్చు, వంతుకు కూర్చునే మనుషులు వంటి సంసారపు అవసరాలన్నీ దానికి వచ్చిపడతాయి. ఉద్యమ చరిత్రలు డిమాండ్లను, నాయకులను, చర్చలను నమోదు చేసినంత శ్రద్ధగా ఈ సంసారాన్ని నమోదు చేయవు. 2009 చివరి నుంచి 2014 దాకా సాగిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమ మలిదశలో వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన త్రినగరి దీన్ని పరిశీలించడానికి తగిన చోటు. ఎందుకంటే అన్నం మానేయడాన్నీ, నడిరోడ్డు మీద అన్నం వండుకుని తినడాన్నీ కూడా ఇక్కడ ఒకే ఉద్యమం నిరసన రూపాలుగా వాడుకుంది.

ప్రపంచంలో పేరుపొందిన శిబిరాల్లో కొన్ని యుద్ధానికి వ్యతిరేకంగా వెలిసినవి. 1981 సెప్టెంబరులో వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి నడుచుకుంటూ వచ్చిన మహిళలు, అమెరికా అణు క్షిపణులను ఇంగ్లండులోని గ్రీన్‌హామ్ కామన్ వైమానిక స్థావరంలో మోహరించడాన్ని నిరసిస్తూ ఆ స్థావరం గేట్ల ముందు మకాం వేశారు. చెట్ల కొమ్మలను వంచి ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెల్లో, చలికీ వానకూ ఓర్చుకుంటూ, అధికారులు ఖాళీ చేయించిన ప్రతిసారీ మళ్లీ పాకలు వేసుకుంటూ గడిపిన ఆ మహిళలకు కట్టెలు, దుప్పట్లు, వండిన తిండి తెచ్చి ఇచ్చినవారు బయటి మద్దతుదారులే. 1991 నాటికి క్షిపణులు వెళ్లిపోయినా శిబిరం 2000 దాకా కొనసాగింది. ఇల్లు వదిలి అక్కడే నివసించడం దాని బలం, అదే దాని భారం కూడా. వరంగల్‌లోని శిబిరాలు ఇందుకు భిన్నంగా, వంతులవారీగా నిరాహార దీక్షకు కూర్చునే పద్ధతిని ఎంచుకున్నాయి.

నిరాహార దీక్ష తెలుగువారికి కొత్తది కాదు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు చేసిన ఆమరణ దీక్ష మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో సాగింది. ఆ ఇంటివారి ఆశ్రయం లేకుంటే ఆ దీక్షకు నిలవడానికి చోటే ఉండేది కాదన్న సంగతి అరుదుగా గుర్తుకొస్తుంది. వరంగల్‌కు ఆందోళన కూడా కొత్తది కాదు: అదే ఏడాది స్థానికేతరుల నియామకాలపై ముల్కీ ఆందోళన మొదలైంది అక్కడే. 1969 జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి చేపట్టిన దీక్ష తొలిదశ తెలంగాణ ఉద్యమానికి నిప్పు రాజేసింది. 2009 నవంబరు 29న కేసీఆర్ ప్రారంభించిన ఆమరణ దీక్ష, అరెస్టు, ఆసుపత్రి మలుపుల మీదుగా, రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందన్న డిసెంబరు 9 ప్రకటనకు దారితీసింది. అయితే డిసెంబరు 23న కేంద్రం విస్తృత సంప్రదింపులు అవసరమంటూ వెనక్కి తగ్గడంతో, మరుసటి రోజే ప్రొఫెసర్ కోదండరాం కన్వీనరుగా రాజకీయ జేఏసీ, అంటే పార్టీలూ ప్రజాసంఘాలూ కలిసిన ఐక్య కార్యాచరణ కమిటీ, ఏర్పడింది. ఉద్యమం ఎన్నాళ్లు సాగుతుందో తెలియని స్థితి అది. ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టే ఆమరణ దీక్ష కొద్ది రోజుల్లో తేలిపోవలసిన వ్యవహారం కాబట్టి, దీర్ఘకాలం నిలిచే మరో రూపం కావలసి వచ్చింది.

రిలే నిరాహార దీక్ష ఆ అవసరాన్ని తీర్చింది. ఇందులో ఒక జట్టు ఉదయం కూర్చుని సాయంత్రానికి విరమిస్తుంది, మర్నాడు ఆ చోటికి మరో జట్టు వస్తుంది. ఆకలి ఒక్క పూటదే అయినా శిబిరం మాత్రం ఆగదు. ఒక రోజు ఉపాధ్యాయులు, మరో రోజు న్యాయవాదులు, ఆ తర్వాత విద్యుత్ ఉద్యోగులు, ఆటో డ్రైవర్లు, వర్తకులు, కులసంఘాలవారు, ఇలా వంతులు పంచుకోవడం వల్ల ఎవరి జీవనోపాధీ పూర్తిగా దెబ్బతినకుండా ఉద్యమం నెలలు దాటి ఏళ్లలోకి నడిచింది. పోలీసులు ఒక జట్టును తీసుకెళ్లినా రేపటి జట్టు పేర్లు ముందే రాసి ఉంటాయి. ప్రాణాపాయం లేనందువల్ల ఇది ఉత్తుత్తి దీక్ష అని ఎగతాళి చేసినవారూ ఉన్నారు గానీ, ఆ మాట ఈ పద్ధతి లోగుట్టును పట్టుకోలేదు. త్యాగంలో లోతు తగ్గినా వైశాల్యం పెరిగింది. రాజకీయాలతో పొత్తు లేని గృహిణి, ప్రభుత్వమంటే బెరుకున్న చిరుద్యోగి కూడా ఒక పూట టెంటు కింద కూర్చుని, మెడలో దండతో, మరునాటి పత్రిక జిల్లా పేజీలో కనిపించే ఫొటోతో, ఉద్యమంలో భాగమయ్యారు.

శిబిరపు దినచర్య దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక్క తీరుగానే ఉండేది. కూడలి పక్కన షామియానా, నేల మీద జంపఖానా, వెనక బ్యానరు, పక్కనే రోజుల సంఖ్య మార్చి రాసే బోర్డు, మైకు సెట్టు. ఉదయం ఒక పెద్దమనిషి దీక్షాపరులకు పూలదండలు వేసి ప్రారంభిస్తే, మధ్యాహ్నం దాకా సంఘీభావం తెలపడానికి వచ్చేవారి ఉపన్యాసాలు, నడుమ నడుమ కళాకారుల పాటలు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి విరమింపజేయడం. వినేవారు పలచబడే ఎండపొద్దున శిబిరాన్ని నిలబెట్టింది ఉపన్యాసాలకంటే పాటలేనని చెప్పాలి. ఆటపాటల ధూంధాం కార్యక్రమాలతో పేరుపడిన కళాబృందాల ధోరణి ఈ చిన్న టెంట్లలోకి కూడా దిగివచ్చి, డప్పు ఉన్న ఏ ఇద్దరు యువకులైనా ఒక గంటసేపు జనాన్ని కూర్చోబెట్టగలిగేవారు.

ఇవన్నీ ఎక్కడినుంచో రావాలి. రాజకీయ పార్టీలు, ఉద్యోగ సంఘాలు కొంత ఖర్చు భరించినా, ఇటువంటి శిబిరాలకు సాధారణంగా ఆసరాగా నిలిచేది చుట్టుపక్కలవారే. టెంటుహౌస్ యజమాని కిరాయి తగ్గించడం, పక్క దుకాణదారు కరెంటు తీగ ఇవ్వడం, హోటలువారు మంచినీళ్ల డబ్బాలు పంపడం, వైద్యులు వచ్చి రక్తపోటు, చక్కెర పరీక్షించడం వంటివి చందా పుస్తకాల్లోకి ఎక్కని సాయాలు. ఒక లోటును మాత్రం దాచనక్కర లేదు. కూడళ్లలో మరుగుదొడ్లు లేని పట్టణాల్లో పగలంతా కూర్చోవడం మహిళలకు ఆకలికంటే కష్టమైన పరీక్ష. ఆ ఏర్పాటు గురించి ఆలోచించిన నిర్వాహకులు తక్కువ.

ఉపవాసానికి ఎదురు కొసన నిలిచేది వంటావార్పు. వండడం, వార్చడం అనే ఇంటిపనిని రహదారి మీదికో రైలుపట్టాల మీదికో తెచ్చి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుకుని, అక్కడే బంతులుగా కూర్చుని తినడం ద్వారా రాకపోకలను ఆపడం దీని పద్ధతి. రాస్తారోకోలో అడ్డంగా నిలబడిన మనుషులను లాగేయడం పోలీసులకు పెద్ద పని కాదు. ఉడుకుతున్న అన్నం గంజుల చుట్టూ పిల్లాజెల్లాతో కూర్చున్న కుటుంబాలను చెదరగొట్టడం మాత్రం చూసేవారి కళ్లలో పాపంగా కనిపిస్తుంది. అన్నాన్ని కాలితో తన్నరాదన్న లోకనీతి ఇక్కడ ఉద్యమానికి కాపలా కాసింది. మరో లాభం కూడా ఉంది: బియ్యం ఒకరు, కూరగాయలు ఒకరు, కట్టెలు ఒకరు, ఇస్తరాకులు మరొకరు తేవలసి ఉన్నందున, ఎవరు ఏం తెస్తారన్న చర్చే ముందు రోజు సాయంత్రం వాడవాడలో ఉద్యమ ప్రచారంగా పనిచేసేది. కులవృత్తులవారు తమ పనిముట్లతో రోడ్డెక్కి అక్కడే పని చేసి చూపడం, ఆడవాళ్లు కూడళ్లలో బతుకమ్మ ఆడటం ఇదే ఆలోచనకు కొనసాగింపు. ఇంటిలోని, వాకిలిలోని బతుకంతా ప్రభుత్వం కళ్ల ముందుకు వచ్చింది.

2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఈ రూపాలన్నీ ఒక్కచోటికి చేరాయి. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు, సింగరేణి గని కార్మికులు విధులు మానేశారు. అప్పటి వరంగల్ జిల్లాలో భాగమైన భూపాలపల్లి గనులు కూడా ఆగాయి, బొగ్గు అందక కరెంటు కోతలు పెరిగాయి. హైదరాబాద్, విజయవాడ, బల్లార్ష వైపు దారులు కలిసే కాజీపేట జంక్షన్ వల్ల రైల్‌రోకో పిలుపు వచ్చిన ప్రతిసారీ ఈ ప్రాంతం వైపు అందరి చూపూ తిరిగేది. పనిచేయని రోజుకు జీతం లేదన్న నియమం ఉండగా, బతుకమ్మ, దసరా పండుగలు సరిగ్గా సమ్మె నడుమ వచ్చాయి. నెల జీతం మీద బతికే ఇంట్లో దసరా ఖర్చు, పిల్లల ఫీజు, కిరాయి మీదపడ్డప్పుడు కిరాణా దుకాణంలో ఖాతా పెంచుకోవడం, బంధువుల దగ్గర చేబదులు తీసుకోవడమే దిక్కు; అందువల్ల సమ్మె భారంలో కొంత పాలు సమ్మెలో లేని కిరాణాకొట్టు యజమానుల మీదికి చేరింది. అక్టోబరు 24న సమ్మె వాయిదా పడింది. రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం ఉద్యోగులకు తెలంగాణ ఇంక్రిమెంటు పేరిట ప్రత్యేక పెంపు ఇచ్చింది. కిరాణా ఖాతాలకు అటువంటి ఉత్తర్వు ఉండే వీలు లేదు.

ఉద్యమంలో వాడిన రూపాలు ఉద్యమంతో అంతం కాలేదు. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు వద్ద ధర్నాచౌక్‌ను ఎత్తివేయడానికి తెలంగాణ ప్రభుత్వం పూనుకున్నప్పుడు దాన్ని ఎదిరించినవారిలో ఉద్యమకాలపు జేఏసీ సారథి కోదండరామే ముందున్నారు. 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు మొదలుపెట్టి యాభై రోజులకు పైగా నడిపిన సమ్మెలో, సకల జనుల సమ్మె నాటి వంటావార్పు మళ్లీ బస్ డిపోల ముందుకు వచ్చింది. అప్పటికి కార్మికులకు సెప్టెంబరు నెల జీతాలు కూడా అందలేదు. ఆ మధ్యాహ్నాల్లో డిపోల ముందు ఉడికిన అన్నం ప్రదర్శన కోసం వండిందే అయినా, తినడానికి కూర్చున్నవారిలో చాలామందికి అది ఆ పూట భోజనం కూడా.