పంజరంలో చెట్టు కొమ్మ: పెంపుడు చిలుక పాదాలకు తేలికైన రక్షణ

హైదరాబాద్ పాతబస్తీలోని మహబూబ్ చౌక్‌లో గానీ, జిల్లా కేంద్రాల్లోని పెంపుడు జంతువుల దుకాణాల్లో గానీ 'లవ్ బర్డ్స్' కావాలని అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల్లో ఉండే చిన్న చిలుకల జత. నిజానికి అవి లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు. ఇవి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరిగార్లు. జతతో పాటు ఒక తీగల పంజరం, ఒక పొట్లం కొర్రలు ఇస్తారు. పంజరంలో అడ్డంగా రెండు కర్రలు ఉంటాయి. రెండూ ఒకే లావు, ఒకే నునుపు. చాలావరకు ప్లాస్టిక్‌వి.

కొనేవారు పంజరం ఎంత పెద్దదో చూస్తారు, గింజల గిన్నె ఉందో లేదో చూస్తారు. ఆ రెండు కర్రలను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పంజరంలో ఎగిరే చోటు తక్కువ కాబట్టి పక్షి రోజులో అత్యధిక సమయం ఆ కర్రల మీదే గడుపుతుంది. నిద్రపోయేదీ వాటి మీద నిలబడే. ఒకేచోట ఒత్తుకునే చెప్పులు రాత్రింబగళ్ళు విప్పకుండా నిలబడితే మనిషి పాదం ఏమవుతుందో, ఆ పక్షి అరికాలు కూడా మెల్లగా అలాగే అవుతుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. పెరట్లోని జామచెట్టు కొమ్మ చాలు. అయితే ఏ కొమ్మ, ఎంత లావు, ఎలా బిగించాలి అన్నది తెలిసి చేయాలి.

కొమ్మను పట్టే పాదం

చాలా పక్షులకు కాలికి నాలుగు వేళ్ళుంటాయి. కాకి, పిచ్చుక, గోరువంక వంటి వాటికి మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి ఉంటాయి. చిలుకల అమరిక వేరు. వాటికి రెండు ముందుకు, రెండు వెనక్కి. పటకారులా పనిచేసే ఈ పాదంతోనే చిలుక కొమ్మలను పట్టుకుని ఎగబాకుతుంది.

నిద్రలో ఉన్న పక్షి కొమ్మ మీద నుంచి ఎందుకు జారిపడదు? ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని బొరెల్లి 17వ శతాబ్దంలోనే దీనికి ఒక వివరణ ఇచ్చాడు. పక్షి కాలు మడవగానే కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలు బిగుసుకుని, వేళ్ళు వాటంతట అవే కొమ్మను చుట్టుకుంటాయన్నది ఆయన భావన. శతాబ్దాల పాటు ఇదే చెల్లుబాటైంది. మన గోరువంకకు బంధువైన యూరోపియన్ స్టార్లింగ్‌పై 2012లో వెలువడిన అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. నిద్రపోతున్న స్టార్లింగ్‌లు కాళ్ళను కొద్దిగా మాత్రమే మడిచాయి. వేళ్ళతో కర్రను బిగించి పట్టుకోలేదు. పాదం మధ్యలోని మెత్త మీద బరువు మోపి సమతూకంతో నిలిచాయి. చిలుక పాదం అమరిక వేరైనప్పటికీ, పక్షి పెంచేవారు దీన్నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. కొమ్మ మీద నిలిచిన పక్షి బరువును భరించడంలో వేళ్ళ పట్టుతో పాటు అరికాలి మెత్తకూ పెద్ద పాత్ర ఉంది.

మరో ప్రయోగం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ప్యారట్‌లెట్లు అనే బుల్లి చిలుకలను రకరకాల లావు, గరుకుదనం ఉన్న కర్రల మీద వాలనిచ్చి, హైస్పీడ్ కెమెరాలతో, ఒత్తిడిని కొలిచే పరికరాలతో పరిశీలించారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. కర్ర ఏదైనా పక్షి ఒకే తీరున వచ్చి వాలుతోంది. పాదం తాకిన తర్వాతే తేడా మొదలవుతోంది. గోళ్ళు ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముడుచుకుని పట్టు కోసం వెతుకుతున్నాయి. జారే ఉపరితలమైతే పక్షి మరింత గట్టిగా నొక్కి పట్టుకోవాల్సి వస్తోంది. బెరడు గరుకుగా ఉన్న కొమ్మ మీద తేలిగ్గా దొరికే పట్టు నున్నటి ప్లాస్టిక్ మీద దొరకదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఒకేచోట పడే ఒత్తిడి

బడ్జరిగార్‌ను 1805లో ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ షా శాస్త్రీయంగా వర్ణించాడు. 1840లో జాన్ గౌల్డ్ సజీవ పక్షులను ఇంగ్లండ్‌కు తీసుకువచ్చాక వాటిని పెంచే అలవాటు ప్రపంచమంతటా వ్యాపించింది. ఆస్ట్రేలియా లోతట్టు మైదానాల్లో ఇవి నీటి కోసం, గడ్డి గింజల కోసం గుంపులుగా తిరుగుతాయి. యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గూళ్ళు పెడతాయి. ఆ చెట్లలో ఏ రెండు కొమ్మలూ ఒకేలా ఉండవు. ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకటి ఏటవాలు. కొమ్మ మారిన ప్రతిసారీ పాదంలో బరువు పడే చోటు కూడా మారుతుంది.

పంజరంలోని కర్ర మీద ఆ మార్పు ఉండదు. రోజుల తరబడి అవే చోట్ల ఒత్తిడి పడుతుంది. అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది. అరికాలి మీద సహజంగా ఉండే చిన్న చిన్న గరుకు పొలుసులు అరిగిపోయి చర్మం నున్నగా, ఎర్రగా, మెరుస్తూ కనిపిస్తుంది. ఇది తొలి దశ. తర్వాత చర్మం చిట్లి పుండు పడుతుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి బ్యాక్టీరియా లోపలికి చేరితే వాపు, చీము, నల్లటి పక్కు ఏర్పడతాయి. ఇంకా ముదిరితే స్నాయుబంధనాలకు, ఎముకలకు కూడా పాకుతుంది. దీన్నే బంబుల్‌ఫుట్ అంటారు. వైద్య పరిభాషలో పోడోడెర్మటైటిస్. కోళ్ళలో, వేట డేగల్లో కూడా కనిపించే సమస్యే ఇది. ఒక పాదం నొప్పిగా ఉంటే పక్షి రెండో పాదం మీద బరువంతా వేస్తుంది. దాంతో అదీ దెబ్బతింటుంది.

కర్ర ఒక్కటే దీనికి కారణం కాదు. బడ్జరిగార్ బరువు మామూలుగా 30 నుంచి 40 గ్రాములు. ఎగరకుండా కూర్చుని గింజలు మాత్రమే తినే పక్షి లావెక్కి, పాదాల మీద భారం పెరుగుతుంది. కొర్రల వంటి గింజల్లో విటమిన్ ఎ చాలా తక్కువ. అది లోపిస్తే చర్మం మందంగా, పొడిగా మారి తేలిగ్గా పగులుతుంది. అందుకే కొమ్మ మార్చడంతో పాటు మునగాకు, పాలకూర, తురిమిన క్యారెట్ వంటివి రోజూ కొద్దిగా అలవాటు చేయాలి.

గోళ్ళు అరుగుతాయని చెప్పి కర్రకు తొడిగే గరుకు కాగితం తొడుగులు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. గోళ్ళ కొసలు వాటికి పెద్దగా తగలవు. అరికాలే రోజంతా రాసుకుని ఒరిసిపోతుంది. వాటిని వాడకపోవడమే మంచిది.

ఏ చెట్టు కొమ్మ?

తెలుగు నేల మీద అందరికీ అందుబాటులో ఉన్న మంచి కొమ్మ జామది. గట్టిది, వంకరలు తిరిగి ఉంటుంది, తేలిగ్గా విరగదు. ఉండేలు చేసుకునే పిల్లలు జామ పంగ కోసం వెతికేది ఈ గుణం వల్లనే. వేప కొమ్మ కూడా పనికొస్తుంది. బడ్జరిగార్‌కు పుట్టింటి చెట్టయిన యూకలిప్టస్ మన దగ్గర నీలగిరి, జామాయిల్ పేర్లతో తోటలుగా పెరుగుతోంది. కోస్తాలో విరివిగా కనిపించే సరుగుడు కూడా వాడుకోవచ్చు. మునగ కొమ్మ మెత్తన. ఎక్కువ కాలం నిలవదు గానీ చిలుక కొరుక్కోవడానికి బాగుంటుంది.

కొన్ని కొమ్మలను మాత్రం పంజరం దరిదాపులకు కూడా రానివ్వకూడదు. గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో గుండె లయను దెబ్బతీసే విషపదార్థాలు ఉంటాయి. చిలుక కూర్చున్న కొమ్మను కొరకకుండా ఉండదు. అంత చిన్న శరీరానికి కొద్దిపాటి విషమైనా ప్రాణాంతకమే. జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, జెముడు కూడా వద్దు. అవకాడో ఆకులు, బెరడు, కాయల్లోని పెర్సిన్ అనే పదార్థం పక్షులకు విషం. ఏ చెట్టుదో గుర్తుపట్టలేని కొమ్మను వాడకపోవడం అన్నిటికన్నా భద్రమైన నియమం.

చెట్టు మంచిదైతేనే సరిపోదు. పురుగుమందు కొట్టిన తోటలోవి, వాహనాల పొగ పట్టే రోడ్డు పక్కవి, బూజు పట్టినవి, చెదలు తిన్నవి పనికిరావు. కోసిన కొమ్మను గట్టి బ్రష్‌తో నీటిలో రుద్ది కడగాలి. సబ్బు, ఫినాయిల్ వంటివి వాడకూడదు. తర్వాత మరిగే నీళ్ళు పోసి, తిప్పుతూ కొన్ని రోజుల పాటు ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పచ్చి తగ్గకపోతే బూజు పడుతుంది. బెరడు తీసేయనక్కర్లేదు. పాదానికి పట్టునిచ్చేది, ముక్కుకు పని కల్పించేది అదే. రంగు గానీ, వార్నిష్ గానీ వేయకూడదు.

ఎంత లావు, ఎక్కడ?

బడ్జరిగార్‌కు 1 నుంచి 2 సెంటీమీటర్ల మందం సరిపోతుంది. కొలబద్ద లేకపోయినా చిటికెన వేలంత నుంచి బొటనవేలంత వరకు అనుకుంటే చాలు. పక్షి నిలబడినప్పుడు వేళ్ళు కొమ్మ చుట్టుకొలతలో మూడింట రెండొంతులు చుట్టాలి. ముందు గోళ్ళు, వెనక గోళ్ళు ఒకదానికొకటి తగిలితే కొమ్మ మరీ సన్నమని అర్థం. ఒకే కొమ్మలో ఒక కొస లావుగా, మరో కొస సన్నగా ఉంటే ఇంకా మంచిది. కాకటీల్ వంటి పెద్ద పక్షులకు ఇంకాస్త లావు కొమ్మలు కావాలి.

కొమ్మ కదలకుండా ఉండాలి. ఊగే కర్ర మీద వాలడానికి పక్షి జంకుతుంది. కొసలో చిన్న గాడి చెక్కి పంజరం తీగల మధ్య ఇరికించవచ్చు. లేదా కొసకు రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు, వాషర్, నట్టుతో బిగించవచ్చు. జింకు పూత ఉన్న ఇనుప తీగతో కట్టకూడదు. చిలుక ఆ పూతను గీకి తింటే జింకు విషప్రభావానికి గురవుతుంది.

చిన్న పంజరానికి మూడు కొమ్మలు చాలు. కిక్కిరిసేలా పెడితే రెక్క విప్పే చోటు ఉండదు. పక్షులు ఎత్తయిన చోట నిద్రపోతాయి కాబట్టి అన్నిటికన్నా సౌకర్యంగా ఉన్న కొమ్మను పైన పెట్టాలి. తోక తీగలకు రాసుకోకుండా ఎడం వదలాలి. గింజల గిన్నెకు, నీటి గిన్నెకు సరిగ్గా పైన ఏ కొమ్మా ఉండకూడదు. లేకపోతే రెట్ట వాటిలో పడుతుంది.

కొత్త వస్తువంటే చిలుకలకు భయం. ఒక్క రోజులో పాత కర్రలన్నీ తీసేస్తే పక్షి పంజరం మూలలో తీగలను పట్టుకుని వేలాడుతూ తిండి మానేయవచ్చు. కొత్త కొమ్మను రెండు మూడు రోజులు పంజరం బయట కనబడేలా ఉంచి, తర్వాత లోపల ఒకటి బిగించాలి. అది దాని మీద వాలి కూర్చోవడం మొదలుపెట్టాక రెండోది మార్చాలి.

వారానికోసారి అరికాళ్ళు

కొమ్మలు మార్చాక కూడా పాదాలను గమనిస్తూ ఉండాలి. పక్షిని పట్టుకుని బెదరగొట్టనక్కర్లేదు. అది తీగలను పట్టుకుని ఎక్కుతున్నప్పుడు అరికాళ్ళు కనిపిస్తాయి. నిద్రలో ఒంటికాలి మీద నిలబడటం సహజమే. మెలకువగా ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ ఒకే కాలు ఎత్తి పెట్టినా, వాలడానికి వెనకాడినా, అరికాలు ఎర్రగా గానీ వాచి గానీ కనిపించినా పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి. మనుషుల పూతమందులు, యాంటీబయాటిక్‌లు సొంతంగా వాడటం ప్రమాదకరం. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి.

ఈ జాగ్రత్తలన్నీ విదేశీ జాతుల పెంపుడు పక్షుల కోసం. మన రామచిలుకను పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. దానికి కావలసిన కొమ్మలు బయట చెట్ల మీదే ఉన్నాయి.

పంజరంలోని కొమ్మ శాశ్వతం కాదు. బడ్జరిగార్ కొన్ని వారాల్లోనే బెరడంతా ఒలిచి, పొట్టు కింద రాలుస్తుంది. అది కొమ్మ పాడైందన్న గుర్తు కాదు, పక్షికి పని దొరికిందన్న గుర్తు. బెరడు పూర్తిగా పోయి కొమ్మ నున్నబడినప్పుడు, లేదా రెట్టతో గట్టిగా మురికి పట్టినప్పుడు దాన్ని తీసేసి, ముందుగా ఎండబెట్టి ఉంచుకున్న మరో కొమ్మను బిగించాలి.