ముక్కు మీది వంతెన

వేసవి సంచిక ముఖచిత్రమునకు ఈత కొలను నీలిరంగు ఇంపుగా నుండుననియు, దానికి తోడుగా ఈతగాండ్రు ధరించెడి గాగుల్స్‌ను గూర్చి పాఠకులకు పనికివచ్చు నాలుగు మాటలు వ్రాసి గురువారము సాయంకాలము లోపల అచ్చుకు అందింపవలెననియు సంపాదకులు ఆదేశించినప్పుడు, ఇది అంగడికి పోయి ధరలు విచారించి వచ్చినంత మాత్రమున ముగియు పని యనియే తోచినది. కాని అంగడిలో వ్రేలాడు ప్రతి పెట్టె మీదను 'లీక్ ప్రూఫ్' అను మాట ఒకే ధీమాతో అచ్చయి యుండుట చూచిన పిమ్మట పని పెరిగినది. కోటేరు వేసిన ముక్కులును, చప్పిడి ముక్కులును, నిండైన చెక్కిళ్ళును, లోతుకు పోయిన కన్నులును గల ముఖములు లోకమున ఇన్ని యుండగా, వాటిలో ఒక్కదానినైనను చూడని పెట్టె నీరు చొరదని ఎట్లు హామీ ఇయ్యగలదు? ఈ కథనమునకు ఆ సందేహమే మూలము.

నీరు చొరుటకు ధరతో గాని ధరించువాని కీర్తితో గాని నిమిత్తము లేదనుటకు 2008 బీజింగ్ ఒలింపిక్స్ సాక్ష్యము చాలును. 200 మీటర్ల బటర్‌ఫ్లై తుది పోటీలో మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోనికి నీరు చేరి, ఈత ముగియవచ్చునప్పటికి అవి నిండిపోయి, ఎదుటి గోడయే కనబడని స్థితి కలిగెను. అతడు చేతివేటులను లెక్కించుకొనుచు పోయి గోడను తాకి, 1 నిమిషము 52.03 సెకండ్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. ఆ వృత్తాంతమును మనోధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. నాకు మాత్రము అందు వేరొక సంగతి ముఖ్యముగా కనబడుచున్నది. ఎవరికిని లేని వసతులన్నియు గల ఈతగానికి సైతము, అంచు ఒక్కసారి వదలినచో, పోటీ నడుమ చేయగలిగినది ఏమియు లేదు.

కంటికి చేరు కాంతిని వంచి రూపము కట్టించు పనిలో మూడింట రెండు వంతులు కనుగ్రుడ్డు ముందరి పారదర్శక పటలమైన కార్నియాయే చేయుచున్నది. ఆ శక్తి గాలికిని కార్నియాకును గల వక్రీభవన భేదము వలన వచ్చునది. నీటి గుణకము 1.33, కార్నియాది 1.38కి దగ్గర, కావున కన్ను తెరచి మునిగినంతనే ఆ భేదము ఇంచుమించుగా నశించి, గోడయు, అడుగున నున్న నల్లగీతయు మసకలో కలిసిపోవును. అండమాన్ సముద్రమునే ఇల్లుగా చేసికొన్న మోకెన్ జాతి పిల్లలు కనుపాపలను మిక్కిలి కుంచించి, నీటి అడుగున ఐరోపా పిల్లలకంటె ఎంతో స్పష్టముగా చూడగలరని స్వీడన్ శాస్త్రజ్ఞురాలు అన్నా గీస్లేన్ 2003లో ప్రకటించిరి. తక్కిన వారికి గాగుల్సే గతి. అవి చేయు ఉపకారమెల్ల కంటిముందు చిటికెడు గాలిని నిలిపి యుంచుట. కొలనులో కన్నులు ఎఱ్ఱబడినప్పుడు అందరును క్లోరిన్‌ను నిందింతురు గాని, మన చెమటతోను మూత్రముతోను అది కలిసినప్పుడు పుట్టెడి క్లోరమీన్లే అందుకు ముఖ్య కారణము. వాటిని ఆపునదియు ఆ చిటికెడు గాలియే.

ఆ గాలిని పట్టి యుంచునది స్ట్రాప్ అని పెక్కుమంది భ్రమ. అద్దములను కంటిగుంటలకు ఆనించి నొక్కినప్పుడు లోపలి గాలి కొంత వెలికిపోయి ఒత్తిడి తగ్గును. బయటి ఒత్తిడి అంచును చర్మమునకు అంటించి పెట్టును. స్ట్రాప్ పని ఆ అంచు జారకుండ కాపాడుట మాత్రమే. దానిని మితిమీరి బిగించినచో మెత్తని సిలికాన్ అంచు చదునై, ఒకచోట ముడత పడి, ఆ ముడతయే నీటికి కాలువ యగును. నీరు వచ్చుకొలది బిగించుట, బిగించుకొలది నీరు వచ్చుట, తుదకు కన్నులచుట్టు ఎఱ్ఱని వలయములతో తలనొప్పితో ఇల్లు చేరుట కొలనులవద్ద నిత్యము కనబడు ముచ్చట.

అసలు కీలకము వేరొకచోట నున్నది. రెండు అద్దములను కలుపుచు ముక్కు మీద వంతెనవలె కూర్చుండెడి ఆ చిన్న ముక్కను, నోస్ పీస్‌ను, పెట్టె మీది ప్రకటనలలో ఎవ్వరును పొగడరు. అద్దపు రంగును పొగడుదురు, తళుకును పొగడుదురు, ఒలింపిక్ వీరుల బొమ్మలు వేయుదురు. అయినను నీరు చొచ్చుట చొరకపోవుట చాలవఱకు నిర్ణయించునది ఈ ముక్క పొడవే. అది ఉండవలసిన దానికంటె పొడవైనచో అద్దములు కణతలవైపు జరిగి, ముక్కు ప్రక్కనున్న పల్లమున సందు ఏర్పడును. పొట్టిదైనచో అద్దములు ముక్కువైపు లాగబడి బయటి మూలలు లేచును. కావున నీరు ఏ మూలనుండి వచ్చుచున్నదో గమనించువానికి రోగము సగము తెలిసినట్లే. మంచి గాగుల్స్‌తో పాటు మూడు నాలుగు పరిమాణముల నోస్ పీస్‌లు వేరుగా పెట్టి ఇత్తురు. కొన్నవారిలో అనేకులు వాటిని పెట్టెతో కూడ పారవేయుదురు.

ఈ సత్యము నాకు ఉపన్యాసము వలన గాక ఒక దారపుముక్క వలన బోధపడినది. స్వీడిష్ గాగుల్స్ అని ఈతగాండ్రు పిలుచు రకము ఒకటి కలదు. 1970ల దశకమున స్వీడన్ దేశమున మాల్మ్‌స్టెన్ వారు ప్రచారములోనికి తెచ్చినది, నేటికిని ఇంచుమించు అదే రూపమున, మిక్కిలి చౌకగా అమ్ముడుపోవుచున్నది. సంచి విప్పినచో అందు గాగుల్స్ ఉండవు. గట్టి ప్లాస్టిక్ గిన్నెలవంటి రెండు అద్దములు, ఒక రబ్బరు పట్టీ, మూరెడైన లేని దారము, చిటికెనవ్రేలి గోరు పొడవున సన్నని గొట్టము, ఇవి మాత్రమే యుండును. సిలికాన్ లేదు, స్పాంజి లేదు, మెత్తదనము అను మాటయే లేదు. కూర్చుకొనవలసినవాడు కొనినవాడే.

దారము కొనను ఒక అద్దపు ముక్కువైపు రంధ్రమున దూర్చి, గొట్టములోనుండి రప్పించి, రెండవ అద్దపు రంధ్రమున దూర్చి, మరల అదే గొట్టము గుండ వెనుకకు తీసికొని వచ్చి ముడి వేయవలెను. వినుటకు సులభము, చేయునప్పుడు గొట్టములో మొదటి దారము అడ్డపడి రెండవది పోదు, కొన పురులు విడిపోవును, తడిచేసి నులిమి మరల దూర్చవలసి వచ్చును. ముడి గట్టిగా బిగించుటకు ముందు అద్దములను కంటిగుంటలలో ఆనించి చూచుకొనవలెను. ఎముక అంచునకు లోపల, కనుబొమకు క్రిందుగా, అద్దము తనంతట తాను ఒదిగి కూర్చుండు చోటు ప్రతి ముఖమునకును ఒకటి యుండును. అచ్చట రెండు అద్దములకు నడుమ మిగులు దూరమే ఆ ముఖముయొక్క కొలత. దారము నూలుపోగంత సడలినను లోపలి మూల తడియగును, అంత బిగిసినను బయటి మూల తడియగును. అచ్చులో పోత పోసినప్పుడు అంచున మిగిలిన సన్నని గరుకు చర్మమును గీయుచున్నచో మెత్తని గరుకు కాగితముతో తేలికగా రుద్దుకొనువారును గలరు. ఇంత శ్రమపడి కూర్చుకొన్న పిమ్మట పట్టీని వదులుగా వేసికొన్నను అవి కదలవు. ఏలయనగా అచ్చట అంచును మూయునది రబ్బరు కాదు, మన చర్మమే.

వాటిపై నాకు గల మక్కువను దాచను. తయారుచేసిన వాడు నీ ముఖము తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకొని, దారము నీ చేతికిచ్చి తప్పుకొనుట ఎన్ని హామీలకంటెను గౌరవనీయముగా తోచుచున్నది. అయినను వాటిని అందరికిని విధింపజాలను. చదునైన కంటిగుంటలు గలవారికి అవి ముల్లువలె గ్రుచ్చుకొనును. గంటలకొలది ఈదువారికి కనుబొమ ఎముక నొచ్చును. గుంపులో ఈదునప్పుడు ముందరివాని మడమ తగిలినచో ఆ గట్టి అంచు చర్మమును చీల్చును. పోటీ ఈతగానికి, కొలనులో నిత్యము ఈదువానికి అవి మేలు. తక్కిన వారు సిలికాన్ అంచు గలవానినే కొనుట మంచిది. స్పాంజి అంచు మొదట హాయిగా నుండును గాని త్వరగా అరిగిపోవును.

ఏ రకమైనను పరీక్ష ఒక్కటే. స్ట్రాప్ తలకు తగిలింపక అద్దములను కన్నులకు ఆనించి మెల్లగా నొక్కి చేయి తీసివేయవలెను. రెండు మూడు క్షణములైనను పడిపోక నిలిచినవి మీ ముఖమునకు సరిపడును; వెంటనే రాలినవి ఎంత పేరుగలవైనను సరిపడవు. ఱెప్ప వెండ్రుకలు అద్దమునకు తగులుచున్నచో మరికొంత లోతైన అద్దము చూడవలెను. చెప్పులు తొడిగి చూడక కొనని మనము ముఖమునకు తగిలించుకొను వస్తువును మూసిన ప్లాస్టిక్ పెట్టెలో చూచి కొనుట వింత. విప్పి చూడనీయని అంగడిలో కొనకుడు.

చరిత్ర కొరకు సంపాదకులు కేటాయించిన స్థలము కొద్ది కనుక వేగముగా చెప్పెదను: 1911లో ఇంగ్లీషు ఛానెల్ ఈదిన థామస్ బర్జెస్ మోటారు సైకిలువారి కళ్ళజోడు పెట్టుకొనెను, అది కారినది, 1926లో ఆ ఛానెల్‌ను ఈదిన తొలి మహిళ గెర్ట్రూడ్ ఎడెర్లె తన గాగుల్స్ అంచులకు మైనము కరిగించి పూసికొనెను, 1972 మ్యూనిక్‌లో మార్క్ స్పిట్జ్ గాగుల్స్ లేకయే ఏడు స్వర్ణములు గెలువగా, 1976 మాంట్రియల్‌లో డేవిడ్ విల్కీ టోపీయు గాగుల్స్‌ను ధరించి 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ గెలిచెను, అటుపిమ్మట అవి లేని ఈతగాడు అరుదయ్యెను.

సముద్రమునకు పోవువాని అవసరములు వేరు. కొలనులో అడుగున గీత యుండును. సముద్రమున అప్పుడప్పుడు తల ఎత్తి దూరమున నున్న పడవనో గట్టునో చూచి దారి సరిచేసికొనవలెను. కావున ప్రక్కలకును పైకిని చూపు సాగు పెద్ద అద్దములు, వెడల్పైన మెత్తని అంచు కావలెను. మన తీరము తూర్పు తీరము. తెల్లవారి నీటిలో దిగువానికి సూర్యుడు సరిగా ఎదుటనే యుండును. నీటిపై మెరయు కాంతిని అణచుటకు పోలరైజ్డ్ అద్దము గాని ముదురురంగు అద్దము గాని అచ్చట అలంకారము కాదు, అవసరము. మబ్బు పట్టిన దినమున, పైకప్పు గల కొలనులో అదే అద్దము చీకటి చేయును. అచ్చటికి తెల్లని అద్దమో లేత రంగుదో తగును. హైదరాబాదునకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోటి వఱకు పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈదిరి. అంతసేపు ముఖమునకు అంటియుండు వస్తువున ఇసుకరేణువంత ఒరిపిడియైనను గాయమగునని గ్రహించినచో, సముద్రపు ఈతకు క్రొత్త గాగుల్స్‌తో ఎన్నడును దిగరాదను నియమము అర్థమగును. అలవాటైనవి ఒకటి, అటువంటివే పడవలో ఇంకొకటి ఉంచుకొనవలెను. పట్టీని ఒక టోపీ మీద వేసి దానిపై రెండవ టోపీ తొడిగినచో అలకైనను మడమకైనను ఊడిపోవు భయము తగ్గును.

మన వారికొక ప్రత్యేక సూచన. తలకును ముఖమునకును కొబ్బరినూనె రాసికొని నీటిలో దిగుట మనకు అలవాటు. ఆ నూనె గాని సన్‌స్క్రీన్ గాని కంటిచుట్టు ఉన్నంతసేపు ఏ అంచును అంటదు. కంటిచుట్టు తుడిచికొని, వెండ్రుకలు తప్పించి, పిదప ధరింపవలెను.

మిగిలిన విషయములు

ఆవిరి: కన్నుల వెచ్చదనమునకు లోపలి తేమ చల్లని అద్దముపై చేరి మసకయగును. క్రొత్త గాగుల్స్ లోపలివైపు పూసిన ఆవిరి నివారక పొరను వ్రేలితో తుడుచుటే దానికి మొదటి శత్రువు. అరిగిన పిమ్మట నీటిలో పలుచన చేసిన పిల్లల షాంపూ ఒక చుక్క రాసి కడుగవచ్చును. ఉమ్మి రాయు పాతపద్ధతియు పనిచేయును. వాడిన పిదప మంచినీట కడిగి నీడన ఆరవేయుడు.

కళ్ళద్దాలవారికి: పవర్ గల గాగుల్స్ దొరకును, సాధారణముగా అరపాయింటు తేడాలతో వచ్చును, కొన్నింట ఒక్కొక్క కంటికి వేర్వేరు అద్దము అమర్చుకొనవచ్చును. కాంటాక్ట్ లెన్సులతో నీటిలో దిగరాదు; నీటిలోని అకాంథమీబా అను సూక్ష్మజీవి లెన్సు క్రింద చేరి కార్నియాను తీవ్రముగా పాడుచేయగలదు. గాగుల్స్ ధరించినంతసేపు కంటి ఒత్తిడి కొంత పెరుగునని పరిశోధనలలో తేలినందున, గ్లాకోమా గలవారు వైద్యుని అడిగి పెద్ద అంచు గలవానిని ఎన్నుకొనవలెను.

లోతు: ఇవి ఉపరితలపు ఈతకు మాత్రమే. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపగును. ముక్కును కప్పెడి డైవింగ్ మాస్క్‌లోనికి ముక్కుతో గాలి ఊది సరిచేయవచ్చును; గాగుల్స్‌లో ఆ వీలు లేక కంటి రక్తనాళములు చిట్లును. బావులలో పైనుండి దూకు పిల్లలు వీటిని తీసి దూకుటయే క్షేమము.

తీయు విధము: అద్దములను ముందుకు లాగి వదలినచో సాగిన పట్టీ వాటిని కంటిపైకి విసరికొట్టును, అట్లు కన్ను గాయపడినవారు కలరు. తలవెనుక పట్టీ క్రింద బొటనవ్రేళ్ళు దూర్చి ముందుకు ఎత్తి తీయుట పిల్లలకు ఈతకంటె ముందు నేర్పుడు. వారికి కొనునప్పుడు పెట్టె మీది వయస్సును నమ్మక, వారినే అంగడికి వెంటబెట్టుకొని పొండు.