పాటపాడు పసులకాపరి

పసులను మేపువానికి పాటయే తోడు. జలంత్రకోట, పలాస, టెక్కలి ప్రాంతములతో కూడిన శ్రీకాకుళము జిల్లాలో తప్పెటగుళ్లు ఎఱుగనివారు అరుదు. జాతరలందు యాదవులు గుండ్రని రేకు వాద్యమును రొమ్మునకు కట్టుకొని, కాళ్లకు గజ్జెలు ధరించి, బృందముగా పాడుచు చిందులు వేయుదురు. పశుపోషణము వారి కులవృత్తి. వారి పాట ఆ వృత్తితో పెనవేసికొన్నది. ఇట్టి కాపరిపాట అమెరికాలోను పుట్టినది. అయితే అది వెండితెర కెక్కి దేశదేశములకు ప్రాకినది. ఆ కథ తెలిసికొనదగినది.

1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసెను. టెక్సాసు బయళ్లలో పశువులు విస్తారముగా నుండెను. వాని మాంసమునకు ఉత్తరపు పట్టణములలో మంచి గిరాకి యుండెను. రైలుబండి మాత్రము ఆ బయళ్లకు ఇంకను చేరలేదు. అందుచే రెండుమూడు వేల పశువులుగల మందలను కాన్సాసులోని రైలుస్టేషనుల వరకు నెలల తరబడి తోలుకొనిపోవలసి వచ్చెను. ఈ పని చేసినవారే కౌబాయిలు. వారిలో నల్లజాతివారును, మెక్సికనులును ఎందరో ఉండిరి. ఎండ, దుమ్ము, కొద్దిపాటి జీతము — ఇవియే వారి పాలు.

రాత్రివేళ ఒక్క ఉఱుము ఉఱిమినను మంద బెదరి పరుగెత్తును. దాని కాళ్లక్రింద పడినవాడు బ్రదుకుట కల్ల. కావున కావలివారు గుఱ్ఱములపై మంద చుట్టును మెల్లగా తిరుగుచు, సన్నని గొంతుతో పాడుచుండిరి. తెలిసిన గొంతు వినబడుచుండగా పశువు నిశ్చింతగా నుండును. ఆ పాట వినోదము కొఱకు కాదు, ప్రాణరక్షణము కొఱకు.

ముండ్లతీగెల కంచెలును, క్రొత్త రైలుమార్గములును వచ్చిన పిదప ఆ సుదీర్ఘ ప్రయాణములు ఆగిపోయెను. పాటలు మాత్రము మిగిలెను. జాన్ లోమాక్సు అను పండితుడు వానిని సేకరించి 1910లో గ్రంథముగా ప్రకటించెను.

1927 తరువాత చలనచిత్రములకు మాట వచ్చెను. గుఱ్ఱపుస్వారిలో మేటియైన కెన్ మేనార్డు తన చిత్రములలో పాడసాగెను. 1933లో జాన్ వేను అను నటుడు పాడెడు కౌబాయి వేషము వేసెను. కాని పాడిన గొంతు వేఱొకరిది.

అది ఆర్థికమాంద్యపు కాలము. ప్రేక్షకులను రప్పించుటకై థియేటరువారు ఒకే టిక్కెట్టుపై రెండు చిత్రములు చూపుచుండిరి. పెద్ద చిత్రము తీసినవారికి వసూలులో వాటా లభించును. రెండవదియగు చిన్న చిత్రమునకు నిర్ణీతమైన అద్దె మాత్రమే దక్కును. ఎంత బాగుగా తీసినను ఆ రాబడి పెరుగదు. కావున ఖర్చు తగ్గించుటయే లాభమునకు మార్గము. గంట నిడివిగల చిత్రమును ఒకటి రెండు వారములలో ముగించుచుండిరి. లాస్ ఏంజిలిసు చుట్టుపట్ల కొండలే రంగస్థలము. సూర్యుని వెలుతురే దీపము. పాత చిత్రములోని గుఱ్ఱముల పరుగును కత్తిరించి క్రొత్తదానిలో అతికించుటయు కలదు. ఇట్టి చిత్రములకు పాట గొప్ప వరమయ్యెను. పోరాటమునకు పదిమంది కావలెను. పాటకు ఒక మనిషి, ఒక గిటారు చాలును. పైగా రేడియోయు, గ్రామఫోనును ఆ పాటను ఇంటింటికి చేర్చి చిత్రమునకు ప్రచారము కల్పించెను.

ఈ చిత్రములకు రాజు జీన్ ఆట్రీ. 1907లో టెక్సాసులో జన్మించిన ఈతడు మొదట రైలు కంపెనీలో తంతివార్తలు పంపు ఉద్యోగి. పిదప రేడియో గాయకుడై, 1935లో రిపబ్లిక్ సంస్థ చిత్రములలో నాయకుడయ్యెను. అతని చిత్రములలో దుష్టులు తఱచుగా భూములు కాజేయువారు, మోసపు వ్యాపారులు. కష్టములలోనున్న చిన్న ఊళ్ల ప్రజలకు అట్టివారు ఓడిపోవుట ఎంతటి ఊరట!

1938లో జీతము విషయమై ఆట్రీకి సంస్థతో తగవు వచ్చెను. సంస్థ రాయ్ రోజర్సు అను మఱియొక గాయకుని నాయకుని చేసెను. ఒహాయోలో పుట్టిన ఈతడు చెప్పుల ఫ్యాక్టరీలో కూలిచేసినవాడు. కరవుచే క్షీణించిన రైతులకు నీరు సాధించుటయే అతని తొలి నాయకచిత్రపు కథ. అంతకు ముందేడు, 1937లో, హెర్బ్ జెఫ్రీసు నల్లజాతి పాడెడు కౌబాయిగా కనబడెను. తెలుపు తెర మఱచిన ఒక సత్యము అటుల కొంత వెలికివచ్చెను.

టెలివిజను వచ్చినతోడనే ఈ చిన్న చిత్రములకు కాలము చెల్లెను. ఆట్రీ చివరి కథాచిత్రము 1953లో వెలువడెను.

కౌబాయి తెలుగునేలకును వచ్చెను. కృష్ణ నాయకుడుగా పద్మాలయా సంస్థ నిర్మించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ 1971లో విడుదలయ్యెను. కె.యస్.ఆర్. దాసు దర్శకుడు, రచన ఆరుద్రది, సంగీతము ఆదినారాయణరావుది. రాజస్థాన్ ఎడారి అమెరికా బయళ్లకు బదులు నిలిచెను. ఈ చిత్రమునకు ఇటలీవారు తీసిన తుపాకి చిత్రములే స్ఫూర్తి. అయినను నాయకుడు గుఱ్ఱమెక్కినను పాట విడువలేదు. పాట లేని కథను తెలుగు ప్రేక్షకుడు ఒప్పడుగదా!

తెరపై కౌబాయి చొక్కా నలుగదు. అతనికి ఆకలి లేదు, నిద్రలేమి లేదు. నిజమైన కాపరికి ఇవన్నియు ఉండెను. తెరపై పాడినవారు ధనవంతులైరి. చీకటిలో మందచుట్టు తిరుగుచు ఆ పాటలు అల్లినవారిలో పెక్కుమంది పేరులు సైతము మనకు తెలియవు. తెరమీది వీరుని మెచ్చుకొనుట తప్పు కాదు. మెచ్చుకొనునపుడు, మొదట ఆ పాట ఎవరి కష్టమునుండి పుట్టినదో తలచుకొనుట న్యాయము. ఊరి జాతరలో తప్పెట మ్రోగినపుడును ఆ మాటయే జ్ఞాపకము రావలెను.