ఎర్రదీపం వెలగని టి.వి.ని తూకానికి వేయవద్దు

విజయవాడ: రాత్రి వార్తలు చూసి ఆపిన టి.వి. తెల్లవారి స్విచ్చి వేస్తే పలకదు. బొమ్మ లేదు, మాట లేదు, మూలన వెలగవలసిన ఎర్రదీపం కూడా లేదు. సెట్టు పోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించుకుంటారు. పాత సామాన్ల బండి వీధిలోకి రాగానే వచ్చిన కాడికి ఇచ్చివేసి, కొత్త సెట్టుకు వాయిదాలు కట్టడం మొదలుపెడతారు. నిజానికి ఇలా పూర్తిగా చీకటి అయిన సెట్లలో చాలావాటికి చెడేది తెర కాదు, లోపల కరెంటు అందించే బోర్డు. దానిని బాగుచేయించవచ్చు.

బుడమేరు వరదలో...

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. కింది అంతస్తు ఇళ్ళలో టి.వి.లు, ఫ్రిజ్‌లు బురదపాలైనాయి. నేలమట్టపు ఇళ్ళకు ప్రభుత్వం 25 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఇంటెడు సామాను పోయిన కుటుంబానికి అందులో ఏది కొనాలి, ఏది బాగుచేయించుకోవాలి అన్నదే పెద్ద ప్రశ్న.

నీట తడిసిన సెట్టును "పనిచేస్తుందేమో చూద్దాం" అని స్విచ్చి వేయడమే పెద్ద పొరపాటు. తడి మీద కరెంటు పారితే బాగుపడే బోర్డు కూడా కాలిపోతుంది. ప్లగ్గు తీసి, మెకానిక్కు చేత విప్పించి, బురద కడిగించి, బాగా ఆరిన తరువాతనే పరీక్ష చేయించాలి. తెర అడుగు అంచులో నీరు చేరి అక్కడి సన్నని తీగలు చిలుము పట్టి ఉంటే మాత్రం ఆశ వదులుకోవలసిందే. తెర మార్పించే ఖర్చుతో దాదాపు కొత్త సెట్టే వస్తుంది.

న్యూట్రల్ తెగితే...

వరద లేని పల్లెలకు వేరే గండం ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఒక్కొక్క ఇంటికి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. గాలివానకు న్యూట్రల్ తెగితే, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చును. ఒక ఇంట్లో లైట్లు కళ్ళు చెదిరేలా వెలిగి, పక్కింట్లో మసకబారితే అదే గుర్తు. వెంటనే మెయిను ఆపి, 1912 నంబరుకు ఫోను చేయాలి.

ఇప్పటి టి.వి.లు తక్కువ వోల్టేజిని చాలావరకు ఓర్చుకుంటాయి. ఎక్కువను ఓర్చుకోలేవు. బోర్డు మీద పెద్ద కెపాసిటరుపై సాధారణంగా 450 వోల్టులు అని రాసి ఉంటుంది. 400 వోల్టుల కరెంటు డి.సి.గా మారితే 560 దాటుతుంది. అప్పుడు అది పగలవచ్చు. చాలా బోర్డులలో ముందువరుసలో బిళ్ళ వంటి చిన్న భాగం ఒకటి ఉంటుంది. అది తాను కాలి, ఫ్యూజును కాల్చి, మిగతా సెట్టును కాపాడుతుంది.

వరుసగా చూడవలసినవి

ముందుగా ఇంటివారు చూడవలసినవి రెండు. అదే ప్లగ్గులో టేబులు ఫ్యాను పెట్టి తిరుగుతున్నదో లేదో చూడాలి. ఎర్రదీపం వెలిగి, మాట వినిపించి, బొమ్మ మాత్రం రాకపోతే చీకటిలో తెరపై టార్చి వేయాలి. బొమ్మ నీడగా కనిపిస్తే చెడినది తెర వెనుక లైట్లు లేదా వాటికి అందే కరెంటు.

ఆపైన మెకానిక్కు పని. ఫ్యూజు గాజు నల్లబడి ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్లు. అది తెలుసుకోకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అనుభవం ఉన్న మెకానిక్కులు సెట్టుకు వరుసలో పాతకాలపు 60 లేక 100 వాట్ల బల్బు కలుపుతారు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే ఫరవాలేదు. వెలుగుతూనే ఉంటే షార్టు పోనట్లే. తరువాత పెద్ద కెపాసిటరు వద్ద 300 వోల్టులకు పైగా డి.సి. ఉన్నదా, అక్కడినుంచి ఎర్రదీపానికి వెళ్ళే 5 వోల్టులు వస్తున్నవా అని మీటరుతో చూస్తారు. మొదటిది ఉండి రెండవది లేకపోతే లోపం ఆ మధ్యలోనే. తరచుగా దొరికే దొంగ తల ఉబ్బిన చిన్న కెపాసిటరు. దాని ఖరీదు పదుల రూపాయలే.

ప్లగ్గు తీసినా ప్రాణాపాయం

అయితే ఇంట్లో పిల్లలు స్క్రూడ్రైవరు పట్టుకుని వెనుక మూత తీయరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ పెద్ద కెపాసిటరులో 300 వోల్టులు కొంతసేపు నిలువ ఉండవచ్చు. మెకానిక్కు దానిని ఖాళీ చేసి గాని చేయి పెట్టడు.

ఉరుము వినగానే స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు, కేబులు తీగ రెండూ పీకాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు అయిదు నిమిషాలు ఆగి పెట్టాలి. ఇంత చేసినా సెట్టు ఆగిపోతే, బండివాడిని పిలిచే ముందు మెకానిక్కును ఒక్క మాట అడగాలి: "పోయింది తెరా, బోర్డా?" బోర్డే అయితే కొత్త సెట్టు వాయిదాలు మిగిలినట్లే.