రోడ్డు మీది కుక్కను పెంచుకోవాలనుకుంటున్నారా? ముందు మీ టైమ్‌టేబుల్ చూసుకోండి!

వాన పడుతుంటే షాపు మెట్ల కింద ఓ కుక్కపిల్ల వణుకుతూ కనిపిస్తుంది. మనసు ఆగదు. ఎత్తుకుని ఇంటికి తెచ్చేస్తారు. పది రోజులు బాగానే గడుస్తుంది. తర్వాత మొదలవుతుంది అసలు కథ. పరుపు మీద పాస్ పోస్తుంది, చెప్పులు కొరికేస్తుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే ఒకటే ఏడుపు. పక్క ఫ్లాట్ వాళ్లు కంప్లైంట్ చేస్తారు. చివరికి దాన్ని ఏ కాల్వ గట్టు మీదో వదిలేసి వస్తారు.

ఇక్కడ తప్పు కుక్కది కాదు. తెచ్చినవాళ్లకు ప్రేమ లేదనీ కాదు. ఆ ఇంటి రోజువారీ పద్ధతికి, ఆ కుక్క అవసరాలకు పొంతన కుదరలేదంతే. అందుకే రెస్క్యూ డాగ్‌ను ఎంచుకునేటప్పుడు దాని ముఖం కంటే ముందు మీ 24 గంటలు చూసుకోవాలి.

వదిలేస్తే నేరమే

పెంపుడు జంతువును సరైన కారణం లేకుండా ఆకలితో, దాహంతో అలమటించేలా వదిలేయడం జంతు హింస నివారణ చట్టం-1960 కింద నేరం. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశాల్లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగానే చెప్పింది. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవారిదేనని స్పష్టం చేసింది. పైగా ఇంటికి అలవాటు పడిన కుక్క రోడ్డు మీద బతకడం కష్టం. దానికి ట్రాఫిక్ తెలియదు, వేరే కుక్కల ఏరియాలో చోటు దొరకదు.

ఉదయం వెళ్లి రాత్రి వచ్చేవాళ్లైతే..

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి కుక్కపిల్ల సరిపోదు. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. రోజుకు మూడు, నాలుగు సార్లు తిండి పెట్టాలి. ఇలాంటి ఇంటికి రెండేళ్లు దాటిన, నెమ్మదైన కుక్క బెటర్. ఎంత సైజు ఉంటుందో, స్వభావం ఎలాంటిదో ముందే తెలిసిపోతుంది. అయినా పొద్దున, సాయంత్రం వాకింగ్ తప్పదు. మధ్యాహ్నం ఒక్కసారైనా ఎవరో ఒకరు చూడాలి. ఆ మనిషి లేకపోతే ఆలోచన వాయిదా వేసుకోవడమే మంచిది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారా?

విజయవాడ ఎండ సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. యజమానులు వదిలేసిన హస్కీ, పగ్ లాంటి జాతి కుక్కలు కూడా రెస్క్యూలో కనిపిస్తుంటాయి. హస్కీది చలి ప్రాంతం, ఒంటి నిండా దట్టమైన బొచ్చు. 2003లో వచ్చిన హచ్ యాడ్‌తో పాపులర్ అయిన పగ్‌కు ముక్కు చప్పిడి, అందుకే ఎండలో ఊపిరి ఆడదు. ఏసీ, కరెంటు బిల్లు భరించలేమనుకుంటే వీటి జోలికి వెళ్లొద్దు. పొట్టి బొచ్చున్న మన నాటు కుక్క ఈ వాతావరణానికి బాగా తట్టుకుంటుంది.

కానీ ఏళ్ల తరబడి వీధిలో స్వేచ్ఛగా తిరిగిన కుక్కకు నాలుగో అంతస్తు ఫ్లాట్ జైలులా అనిపించొచ్చు. అసోసియేషన్ వద్దంటుందేమోనన్న భయం అక్కర్లేదు. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్లకు లేదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. లిఫ్టులో బెల్టు పట్టుకోవడం, మలం శుభ్రం చేయడం మాత్రం మీ బాధ్యతే.

ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే..

మీద పడి దూకే కుర్ర కుక్క వల్ల నానమ్మ, తాతయ్యలు కింద పడే ప్రమాదం ఉంది. బెల్టు గట్టిగా లాగే కుక్కను వాళ్లు ఆపలేరు. వయసు మళ్లిన, శాంతంగా ఉండే కుక్కే ఇలాంటి ఇంటికి నప్పుతుంది. చిన్నపిల్లలను మాత్రం ఏ కుక్కతోనూ ఒంటరిగా వదలొద్దు. చేపల పులుసు మిగిలింది కదా అని పెట్టేయకండి. ఉల్లిపాయ కుక్కలకు విషం, ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి.

వరద వస్తే ఎత్తుకోగలరా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. లోతట్టు ప్రాంతంలో ఉండేవాళ్లు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. 30 కిలోల కుక్కను పై అంతస్తుకో, పడవలోకో ఒక్కరే మోయగలరా? లేదంటే చిన్న సైజు కుక్కే నయం.

పొలం, చెరువు కాపలాకా?

డెల్టా ఊళ్లలో పొలాలు, చేపల చెరువుల దగ్గర కాపలాకు చాలామంది కుక్కను పెంచుతారు. పెద్ద శబ్దాలకు బెదిరిపోయే కుక్క ఈ పనికి పనికిరాదు. రోజంతా పొట్టి గొలుసుతో కట్టేయడం కూడా చట్టప్రకారం నేరమే. ఎలుకల మూత్రం కలిసిన నిల్వ నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఇది కుక్క నుంచి మనిషికీ సోకుతుంది. దీనికి టీకా ఉంది, అడిగి వేయించాలి. పిడుదుల మందు కూడా తప్పనిసరి.

తెచ్చే ముందు ఇవి అడగండి

* వయసెంత? సంతాన నియంత్రణ ఆపరేషన్ అయ్యిందా?
* ఏ టీకాలు వేశారు? కార్డు ఉందా?
* పిల్లలతో, వేరే కుక్కలతో ఎలా ఉంటుంది?
* ఇంతకుముందు ఎవరైనా తీసుకెళ్లి తిరిగి ఇచ్చారా? ఎందుకు?
* కొన్నాళ్లు ట్రయల్‌గా ఉంచుకోవచ్చా?

ఒక్కసారి చూసి ఓకే చెప్పేయొద్దు. రెండు, మూడు సార్లు వెళ్లండి. ఇంట్లో అందరినీ తీసుకెళ్లండి.

మొదటి రోజే డాక్టర్ దగ్గరికి

నేరుగా రోడ్డు మీద నుంచి తెస్తే ముందు పశువైద్యుడికి చూపించాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలోనూ చూపించుకోవచ్చు. కుక్కపిల్లకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. అంటే అంతకంటే చిన్న పిల్లకు రక్షణ ఉండదు. చిన్న గాటే కదా అనుకోవద్దు. సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

కొత్త ఇంట్లో కుక్క భయం తగ్గడానికి మూడు రోజులు, పద్ధతులు నేర్చుకోవడానికి మూడు వారాలు, పూర్తిగా కలిసిపోవడానికి మూడు నెలలు పడుతుందని అంచనా. మొదటి వారంలోనే "ఇది మనకు సెట్ కాదు" అనుకోవద్దు.

ఇంటికి తేవడమే దారి కాదు

ఈ లెక్కలన్నీ చూశాక కుదరదనిపిస్తే బాధపడక్కర్లేదు. మీ వీధిలోని కుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యేలా మున్సిపల్ సిబ్బందికి చెప్పండి. నిర్ణయించిన చోట తిండి, నీళ్లు పెట్టండి. తెచ్చి వదిలేయడం కంటే ఆ కుక్కకు ఇదే పెద్ద సాయం.